వాపిటి డైరీ: హవాయి సిపాయి హర్జిందర్ సింగ్ మొదటి విమానం, నా బల్ల మీద

జనవరి, సంక్రాంతి వెళ్లాక

ఆవ్రో రవాణా విమానం మోడల్ పూర్తయింది. రంగు ఆరాక ముందుగదిలోని అద్దాల బీరువా ఎక్కించాను. బల్ల ఖాళీగా ఉంటే మా ఆవిడకు సంతోషం, నాకు దిగులు. ఆమె సంతోషం ఎన్నాళ్లో నిలవదు. కొత్త పని ఇదీ: వెస్ట్‌ల్యాండ్ వాపిటి 2ఎ అనే పాత బ్రిటిష్ సైనిక విమానం, అసలు దానిలో పన్నెండో వంతు కొలతతో.

ఎయిర్‌ఫోర్స్‌లో నేను ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్ని, అంటే విమానం ఒంటినీ రెక్కలనూ చూసుకునే మెకానిక్‌ని. తాంబరంలో ట్రేడ్ నేర్చుకున్నాను. చివరి ఏళ్లన్నీ బేగంపేటలో ఆవ్రోల కిందే గడిచాయి. ఆ ఆవ్రోని మన దేశంలో కాన్పూర్‌లో తయారుచేశారు. అక్కడ కట్టిన మొదటి విమానం 1961 నవంబరు 1న ఎగిరింది. ఆ పని ముందుకు నడవడానికి వెనక నిలబడ్డవాళ్లలో ముఖ్యుడు ఎయిర్ వైస్ మార్షల్ హర్జిందర్ సింగ్. మా ట్రేడ్ వాళ్లు ఆయన పేరు చెప్పుకుంటారు గానీ బయట పెద్దగా వినపడదు. వైమానిక దళం కథలు ఎప్పుడూ కాక్‌పిట్‌లోంచే చెబుతారు. హ్యాంగర్‌లోంచి చెప్పేవాళ్లు తక్కువ.

ఆయన సర్వీసు వాపిటితో మొదలై ఆవ్రో దాకా వచ్చింది. ఆవ్రో బీరువాలో ఉంది కాబట్టి ఇక మిగిలింది వాపిటి.

రెక్కల ఈ కొసనుంచి ఆ కొసకు 46 అడుగుల 5 అంగుళాలు. పన్నెండో వంతుకి 1179 మిల్లీమీటర్లు. మా పనిగది గుమ్మం అంత వెడల్పు లేదు. పూర్తయ్యాక ఏటవాలుగా పట్టుకుని బయటికి తేవాలి. ఇది ముందే రాసుకోవడం మంచిది.

జనవరి చివర

నక్షాలు గీస్తున్నాను. ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో అసలు వాపిటి ఒకటి ఉంది, కె-813. అప్పుడెప్పుడో అక్కడికి వెళ్లినప్పుడు తీసుకున్న ఫొటోలు ఇప్పుడు పనికొస్తున్నాయి. అందరూ ముక్కు ఫొటో తీసుకుంటారు. నేను చక్రాల ఇరుసు, రెక్కల మధ్య నిట్టాళ్లు, తీగలు కలిసే లగ్గులు తీసుకున్నాను. ఆ రోజు మా ఆవిడ విసుక్కుంది.

గీస్తున్నకొద్దీ ఒక సంగతి తేటపడుతోంది. ఇది కొత్తగా ఆలోచించిన విమానం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాయుసేన గోదాముల్లో డి.హెచ్.9ఎ అనే బాంబర్ విమానాల విడిభాగాలు గుట్టలుగా మిగిలాయి. పాత విమానాలు అరిగిపోతుంటే వాటి స్థానంలో కొత్తది కావాలన్నారు, కానీ ఆ పాత భాగాలు వీలైనన్ని వాడాలని షరతు పెట్టారు. డి.హెచ్.9ఎలు కట్టిన అనుభవం వెస్ట్‌ల్యాండ్ కంపెనీకి ఉంది. అలా 1927 మార్చిలో వాపిటి ఎగిరింది. తర్వాత వచ్చిన రకాల్లో చెక్క పోయి లోహపు చట్రం వచ్చింది. ఒడ్డూపొడుగూ మాత్రం పాతదే.

ఇక్కడ హైదరాబాద్ వాడిగా ఒక మాట రాసుకోకుండా ఉండలేను. 1918లో డి.హెచ్.9ఎలతో ఫ్రాన్స్ వెళ్లి జర్మనీ మీద బాంబులు వేసిన 110వ స్క్వాడ్రన్‌కి 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అని పేరు. ఆ విమానాలకు డబ్బిచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కింది. ఎన్నో చేతులు మారి ఇప్పుడు లండన్‌లోని ఆర్.ఎ.ఎఫ్. మ్యూజియంలో ఉంది. నిజాం ఖజానాకూ నా బల్ల మీది వాపిటికీ దూరపు చుట్టరికం కలిసింది.

ఫిబ్రవరి

రాణిగంజ్ వెళ్లి మూడు మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టాలు తెచ్చాను. అసలు విమానంలో లోహపు గొట్టాల చట్రం ఉన్నప్పుడు మోడల్‌ని చెక్కతో చెయ్యబుద్ధి కాలేదు. నాలుగు పొడుగు గొట్టాలు, మధ్యలో అడ్డాలు, ఐమూల తీగలు. టంకం వేసేటప్పుడు ఒక మూల వేడెక్కితే పక్క మూల ఊడిపోతుంది. తడిగుడ్డ చుట్టి, ఒక్కో కీలు చల్లారాకే పక్కదానికి వెళ్లాలి.

రెక్కల పక్కటెముకలు బాల్సావి. రెండు అల్యూమినియం అచ్చుల మధ్య బాల్సా ముక్కలన్నీ కట్టలా బిగించి, మొత్తం కట్టని ఒకేసారి ఆకురాయితో అరగదీస్తే అన్నీ ఒకే కొలతకు వస్తాయి. తాంబరంలో నేర్పిన పాఠం ఇప్పటికీ అన్నం పెడుతోంది.

మా అన్నయ్య మనవరాలు మెకానికల్ మూడో ఏడు చదువుతోంది. ఆదివారాలు వచ్చి కూర్చుంటుంది. గోడకు అంటించిన హర్జిందర్ సింగ్ ఫొటో చూసి అడిగింది.

"ఈయన పైలటా చిన్నతాతయ్యా?"

"కాదమ్మా, ఇంజనీరు. లాహోర్‌లో మెక్లాగన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివాడు. చదివి హవాయి సిపాయిగా, అంటే వైమానిక దళంలో అట్టడుగు మెట్టు మెకానిక్‌గా చేరాడు."

"ఇంజనీరింగ్ చదివి సిపాయిగానా! మా కాలేజీలో ప్లేస్‌మెంట్ సెల్‌కి ఈ మాట చెప్పకు."

నవ్వుకున్నాం గానీ ప్రశ్న మాత్రం సరైనదే. ఆ రోజుల్లో ఇంజనీరింగ్ పట్టా చేతిలో ఉన్నవాడు రైల్వేలోనో పి.డబ్ల్యు.డి.లోనో గౌరవంగా స్థిరపడొచ్చు. భారత వైమానిక దళం 1932 అక్టోబరు 8న కాగితం మీద పుట్టింది. 1933 ఏప్రిల్ 1న కరాచీ దగ్గర డ్రిగ్ రోడ్‌లో మొదటి ఫ్లైట్, అంటే కొన్ని విమానాల చిన్న దళం, ఏర్పడింది. ఉన్నవి నాలుగు వాపిటిలు. ఇంగ్లండులోని క్రాన్‌వెల్‌లో తర్ఫీదు పొంది వచ్చిన భారతీయ పైలట్లు అయిదుగురు, హవాయి సిపాయిలు 19 మంది. పైలట్లకు ఆఫీసరు హోదా వచ్చింది. విమానాన్ని విప్పి బిగించే భారతీయుడికి మాత్రం అప్పటికి ఆఫీసరయ్యే దారే లేదు. అలాంటి చోటికి ఇంజనీరింగ్ చదివినవాడు సిపాయి జీతానికి వెళ్లాడు. పిల్ల అంత వింతపడిందంటే పడదా మరి!

ఆ మొదటి ఏడాదే, 1933 సెప్టెంబరులో, అయిదుగురు పైలట్లలో ఇద్దరు, భూపేంద్ర సింగ్, అమర్‌జీత్ సింగ్, విమానం కూలి చనిపోయారు. భారతీయులకు విమానాలు నడపడం, చూసుకోవడం చేతకాదనే మాట అప్పటికే గాల్లో ఉంది. నాలుగు విమానాల ఫ్లైట్‌లో ఒకటి పోవడమంటే ఏమిటో, మర్నాడు పొద్దున మిగిలిన మూడింటినీ బయటికి తోసి సిద్ధం చేసే సిపాయి మనసు ఎలా ఉంటుందో ఫ్లైట్ లైన్‌లో పనిచేసిన ఎవరికైనా తెలుస్తుంది. దీని గురించి ఇంతకంటే రాయలేను.

మార్చి

రెక్కలకు గుడ్డ కప్పే పని. అసలు విమానానికి లినెన్ గుడ్డని పక్కటెముకలకు దారంతో కుట్టి, కుట్టు మీద పట్టీ అంటించి, పైన డోప్ పూసేవారు. డోప్ ఆరుతున్నకొద్దీ గుడ్డ ముడుచుకుని డోలు చర్మంలా బిగుస్తుంది. ఆపైన అల్యూమినియం పొడి కలిపిన పూత. వెండి రంగు అందానికనుకుంటారు చాలామంది. అది ఎండనుంచి గుడ్డని కాపాడటానికి. కరాచీ ఎండలో, సరిహద్దు కొండల ఎండలో ఆ పూత లేకపోతే గుడ్డ చివికిపోతుంది.

ముందు పొందూరు ఖద్దరు ముక్కతో ప్రయత్నించాను. ఎంత సన్నటి నూలైనా పన్నెండో వంతు కొలతకు నేత మోటుగానే కనిపించింది. పైగా లక్కర్‌ని తాగేసింది. జపాన్ టిష్యూ కాగితానికి మారాను. పలుచన చేసిన ఎన్.సి. లక్కర్ మూడు పూతలు, మధ్యమధ్య సన్న ఎమరీ. కుట్టు కనిపించాలి కాబట్టి ప్రతి పక్కటెముక మీదా సన్న దారం అంటించి, దానిపైన కాగితం పట్టీ వేశాను. ఇంట్లో లక్కర్ వాసన మీద గొడవ అయింది. పని మేడమీదికి మారింది.

ఒక రెక్క డోప్ ఆరాక కొంచెం మెలి తిరిగింది. ఆవిరి పట్టించి, బరువులు పెట్టి రాత్రంతా పలక మీద ఉంచితే సర్దుకుంది. అసలు విమానంలో ఇలాంటి మెలికను తీగలతో సరిచేస్తారు. రిగ్గర్ ఉద్యోగం అదే.

ఏప్రిల్

ఇంజను. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నాకు ఇష్టం.

బ్రిస్టల్ జూపిటర్ ఇంజను, రాయ్ ఫెడెన్ చేతిలో ఎదిగింది. గాలితో చల్లబడే తొమ్మిది సిలిండర్లు గుండ్రంగా నిలబడతాయి. ఒక్కో సిలిండర్ వెడల్పు 146 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 190. మొత్తం 28.7 లీటర్లు. వాపిటి 2ఎలో ఉన్న జూపిటర్ దాదాపు 500 గుర్రాల శక్తినిచ్చేది. నీళ్లూ రేడియేటరూ లేకపోవడం సరిహద్దులో పెద్ద వరం. తూటా తగిలి కారిపోయేందుకు నీళ్లే లేవు.

తొమ్మిది సిలిండర్లు వరసగా 1, 2, 3 అని పేలవు. 1, 3, 5, 7, 9, తర్వాత 2, 4, 6, 8. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి అన్నీ ఒక్కోసారి పేలాలి. రెండు చుట్లంటే 720 డిగ్రీలు, తొమ్మిదితో భాగిస్తే 80. సిలిండర్లేమో 40 డిగ్రీల దూరంలో ఉంటాయి. అందుకే ఒకటి వదిలి ఒకటి. సిలిండర్లు సరిసంఖ్యలో ఉంటే ఈ లెక్క కుదరదు. మనవరాలికి ఇది కంచంలో తొమ్మిది వేరుశనగ గింజలు పెట్టి చూపించాను. పుస్తకంలో చదివింది ఇప్పుడు అర్థమైందట. గింజలు తినేసింది.

మోడల్‌లో ఇంజను అడ్డుకొలత 115 మిల్లీమీటర్లు. సిలిండర్ల మీద చల్లబరిచే ఫిన్నులే అసలు కష్టం. బాలానగర్‌లో ఎరిగున్న లేత్ షెడ్‌కి వెళ్లి అల్యూమినియం రాడ్ ఇచ్చాను. మేస్త్రీ నా కాగితం తిప్పితిప్పి చూశాడు.

"గిన్ని ఫిన్నులా సార్? గింత సన్నగా? ఒక్కటి ఇరిగితే పీస్ మొత్తం పాయె."

"విరిగినవాటికి కూడా డబ్బులిస్తా అన్నా. తొందరేం లేదు."

"తొందర లేదంటే చేస్త. మస్తుగ వస్తది."

వచ్చింది కూడా. ఆయన కొలతకు ఒక టూల్ ప్రత్యేకంగా గ్రైండ్ చేసుకున్నాడు. డబ్బులకన్నా ఆ తొమ్మిది సిలిండర్లను బల్ల మీద వరసగా పేర్చి ఫోన్‌లో ఫొటో తీసుకోవడంలోనే ఆయనకు ఎక్కువ ఆనందం. డ్రిగ్ రోడ్ వర్క్‌షాపు కూడా ఇలాంటి మనుషులతోనే నడిచి ఉంటుందని నా నమ్మకం.

వాల్వులను తెరిచే తోసుడు కడ్డీలు ఉక్కు గుండుసూదులతో చేశాను. ఒక్కో సిలిండర్‌కి నాలుగు వాల్వులు, అవన్నీ తల మీద బయటికే కనిపిస్తాయి. దుమ్ములో, ఇసకలో అవన్నీ ఎలా శుభ్రంగా ఉంచారో ఆ ఫిట్టర్లకే తెలియాలి.

మే

ఎండలకి లక్కర్ పని ఆపి చిన్న చిన్న సామాన్లు చేస్తున్నాను. ఇరుసు దగ్గర సందేశాల కొక్కెం. సైన్యంతో కలిసి పనిచేసే విమానం కాబట్టి వాపిటికి ఇది ఉంటుంది. కింద సైనికులు రెండు కర్రలు పాతి మధ్య తాడు కట్టి, ఆ తాడుకి ఉత్తరం సంచి తగిలిస్తారు. పైలట్ నేలకి ఆనుకున్నట్టుగా వచ్చి కొక్కెంతో తాడుని ఎత్తుకుపోతాడు. రేడియో సరిగా అందని చోట ఇదే టపా. గిటారు తీగ వంచి కొక్కెం చేశాను. కీలు నిజంగానే కదులుతుంది.

పక్కన కట్టే అదనపు చక్రం కూడా చేశాను. కొండల్లో ఎక్కడో దిగాల్సివస్తే చక్రం తెచ్చిపెట్టేవాడెవరు? అక్కడ ఎగిరేవాళ్ల జేబులో ఇంకొకటి కూడా ఉండేది: 'ఇతన్ని గాయపరచకుండా అప్పగిస్తే డబ్బిస్తాం' అని స్థానిక భాషల్లో రాసిన కాగితం. మోడల్‌లో అది చూపించలేను, చెప్పకుండానూ ఉండలేను.

ఆ ఫ్లైట్‌తో మొదలైన నంబర్ 1 స్క్వాడ్రన్ 1937లో ఉత్తర వజీరిస్తాన్‌లోని మీరాన్‌షాకి వెళ్లింది. బ్రిటిష్ వాళ్ల మీద ఇపీ ఫకీర్ తిరుగుబాటు చేస్తున్న రోజులు. కోట, కోట పక్కనే విమానాల మైదానం, చుట్టూ కొండలు. పాత వాపిటిలు. సైన్యం 'పొద్దున ఎన్ని ఎగురుతాయి?' అని మాత్రమే అడుగుతుంది. ఆ లెక్క పైలట్ చేతిలో ఉండదు. ముందురోజు రాత్రి లాంతరు వెలుగులో వాల్వుల సందులు చూసి, తీగలు బిగించి, చిరిగిన గుడ్డకి అతుకు వేసి ఎఫ్-700లో సంతకం పెట్టేవాడి చేతిలో ఉంటుంది. ఎఫ్-700 అంటే విమానం వెంట ఉండే పుస్తకం. ఫిట్టర్ సంతకం, రిగ్గర్ సంతకం పడ్డాకే పైలట్ సంతకం పెట్టి తీసుకుంటాడు. మా కాలంలోనూ అదే పేరు, అదే పద్ధతి. మొదట్లో డ్రిగ్ రోడ్‌లో భారతీయుల పని మీద బ్రిటిష్ టెక్నీషియన్ల పర్యవేక్షణ ఉండేది. ఒక్కో పనీ, ఒక్కో సంతకమూ భారతీయుల చేతికి వస్తూపోయింది. హర్జిందర్ సింగ్ మెట్టుమెట్టుగా వారంట్ ఆఫీసరు దాకా ఎదిగింది ఆ సంతకాల మీదే. 1939 మార్చిలో, ఆ మొదటి అయిదుగురు పైలట్లలో ఒకడైన సుబ్రతో ముఖర్జీ ఆ స్క్వాడ్రన్‌కి మొదటి భారతీయ కమాండర్ అయ్యాడు. చరిత్ర పుస్తకాల్లో ఆ తేదీ ఉంటుంది. మొత్తం భారతీయుల సంతకాలతోనే ఒక వాపిటి లేచిన మొదటి పొద్దు ఏదో వెతికితే బాగుండనిపిస్తుంది.

జూన్, మృగశిర కార్తె

వాన పడింది, గాలి చల్లబడింది. తీగల పని మొదలుపెట్టాను.

రెండు రెక్కల విమానానికి తీగలు అలంకారం కాదు, అవే ఎముకలు. గాల్లో ఉన్నప్పుడు రెక్కలు పైకి లేవాలని చూస్తాయి. వాటిని కిందికి లాగి పట్టుకునేవి ఫ్లయింగ్ వైర్లు, కింది రెక్క మొదట్నించి పై రెక్క కొసకి వెళతాయి. నేల మీద ఉన్నప్పుడు రెక్కల బరువు కిందికి వేలాడుతుంది. దాన్ని మోసేవి ల్యాండింగ్ వైర్లు, పై నుంచి కింది కొసకి. ముందు నిట్టాడికీ వెనక నిట్టాడికీ మధ్య ఐమూలగా ఇన్సిడెన్స్ వైర్లు. రెక్క గాలికి ఏ కోణంలో నిలబడాలో అవి చెబుతాయి. వాపిటికి ఒక్కో పక్క రెండు జతల నిట్టాళ్లు. అంటే ఈ తీగల లెక్కంతా రెండింతలు.

వరస తప్పకూడదు. ముందు విమానం ఒంటిని అటూ ఇటూ మట్టం చేయాలి. తర్వాత మధ్య భాగం, దారానికి గుండు కట్టి చూడాలి. ఆ తర్వాత ల్యాండింగ్ వైర్లతో రెక్కల ఎత్తు. ఆపైన పై రెక్క కింది రెక్క కన్నా ఎంత ముందుకుందో చూసుకోవాలి, ఆ తర్వాత కోణం. ఫ్లయింగ్ వైర్లు ఆఖరున. అవి ముందే బిగిస్తే మిగతా కొలతలన్నీ అబద్ధం చెబుతాయి. చివరికి తోక కొస నుంచి రెండు పక్కల బయటి నిట్టాళ్లకి దూరం కొలవాలి, ముక్కు మధ్య నుంచి కూడా. కుడి ఎడమలు సమానం కావాలి. నాకు మిల్లీమీటరు తేడా వచ్చింది. అసలు విమానంలో అది పన్నెండు మిల్లీమీటర్లు. అంతా విప్పి మళ్లీ కట్టాను.

అసలు విమానాల్లో తీగ సన్నగా, చదునుగా, గాలిని కోసేలా ఉంటుంది. నేను 0.3 మిల్లీమీటర్ల ఉక్కు తీగ ఎమరీ కాగితం మధ్య లాగి కొద్దిగా చదును చేశాను. కంట్రోల్ కేబుళ్లకు టర్న్‌బకుల్స్ ఉంటాయి. ఒక కొస మరలు కుడికి, రెండో కొస ఎడమకి, మధ్య పీపాని తిప్పితే రెండూ దగ్గరవుతాయి. ఆ పీపాకి చిన్న కన్నం. అందులో సన్న సూది పెట్టి చూడాలి. సూది లోపలికి దూరిపోతే మర సరిపడా ఎక్కలేదన్నమాట. ఎక్కిందని తేలాక లాకింగ్ వైర్. నా మోడల్‌లో పీపాలు ఇత్తడి ముక్కలు, కన్నాలు మాత్రం వేశాను. ఎవరూ చూడరని మనవరాలు అంది. ఆ కన్నంలో ఏం కనబడిందో చూసే కదా సంతకం పెట్టేది, కన్నం లేకపోతే ఎలా అన్నాను.

జూలై

బాంబు ర్యాకులు. వాపిటి మోసే బాంబుల బరువు దాదాపు 580 పౌండ్లు. చిన్న బాంబుల ర్యాకులు రెండు రెక్కల కింద అమర్చాను. ఇవి చేస్తుంటే బర్మా కథ గుర్తొస్తుంది.

1942 ఫిబ్రవరి 1న నంబర్ 1 స్క్వాడ్రన్ బర్మాలోని టౌంగూ చేరింది. స్క్వాడ్రన్ లీడర్ కె.కె. మజుందార్ నాయకుడు, విమానాలు లైసాండర్లు. అవీ వెస్ట్‌ల్యాండ్‌వే. సైన్యానికి కళ్లుగా తిరగడానికి కట్టినవి. వచ్చిన రోజే జపాన్ విమానాలు టౌంగూ మీద దాడి చేశాయి. మర్నాడు మజుందార్ లైసాండర్‌కి రెండు 250 పౌండ్ల బాంబులు తగిలించుకుని థాయిలాండ్‌లోని మే హాంగ్ సాన్ జపాన్ స్థావరం మీద చాలా తక్కువ ఎత్తున వెళ్లి వేసి వచ్చాడు. తర్వాత స్క్వాడ్రన్ మొత్తం అదే పనికి దిగింది. ఆ బాంబులు మోసేలా లైసాండర్లను తయారుచేసింది వారంట్ ఆఫీసర్ హర్జిందర్ సింగ్, అతని మనుషులు.

ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది 'ఏదో తీగా మేకూ పెట్టి సర్దేశాడు, అదీ మన తెలివి' అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. 250 పౌండ్లంటే 113 కిలోలు. అటొకటి ఇటొకటి. విమానం గతుకుల మైదానంలో పరుగెత్తేటప్పుడు ఆ బరువు రెండింతలై, మూడింతలై లాగుతుంది. ఆ లాగుడు ఏ బోల్టుకి వెళుతుంది, ఆ బోల్టు ఏ గొట్టానికి ఇస్తుంది, బాంబు తోక రెక్కకి నేలకి మధ్య ఎంత ఎడం, ఒకటి ఊడి రెండోది ఊడకపోతే విమానం ఎటు ఒరుగుతుంది, బరువు ముందుకెళ్లిందా వెనక్కా: ఇవన్నీ లెక్కలు. లాహోర్ కాలేజీలో నేర్చుకున్నవి, మీరాన్‌షాలో అరిగేదాకా వాడినవి. లోపల కూర్చున్నవాడు తన కమాండర్. తేడా వస్తే తన సంతకం కిందే తేడా. దాన్ని సర్దుబాటు అనడం ఇంజనీరింగ్‌ని తక్కువ చేయడమే. మజుందార్‌కి డి.ఎఫ్.సి. అనే శౌర్య పతకం వచ్చింది, న్యాయంగా. హర్జిందర్ సింగ్‌కి ఎం.బి.ఇ. అనే బ్రిటిష్ పురస్కారం ఇచ్చారు. 1942లోనే ఆయనకు ఆఫీసరుగా కమిషన్ వచ్చింది. బ్రిటిష్ వాయుసేన తన టెక్నికల్ బ్రాంచిని ఏర్పాటు చేసుకుందే 1940లో. సిపాయిగా చేరినవాడు టెక్నికల్ ఆఫీసర్ కావడానికి దాదాపు ఒక దశాబ్దం పట్టింది.

ఆగస్టు

రంగులు, గుర్తులు. వెండి రంగు మీద వలయాలు. కె-813 అని తోక మీద రాయడానికి మాస్కింగ్ టేపుతో అచ్చు కోశాను.

ఆగస్టు కదా, విభజన మాట రాయాలి. 1947లో దేశంతోపాటు వైమానిక దళాన్నీ పంచారు. డ్రిగ్ రోడ్, పెషావర్, మీరాన్‌షా, లాహోర్, అంటే హర్జిందర్ సింగ్ చదివిన, పని నేర్చుకున్న, పేరు తెచ్చుకున్న ఊళ్లన్నీ అవతలే ఉండిపోయాయి. నంబర్ 1 స్క్వాడ్రన్ విమానాలూ అటే వెళ్లాయి. మరమ్మతు డిపోలూ శిక్షణ కేంద్రాలూ ఎక్కువ అటే పోతే, ఇవతల మిగిలిన విమానాలను నిలబెట్టుకునే చోటు ఎక్కడ? ఆ లెక్కలో కాన్పూర్ పెద్దదైంది. యుద్ధం అయ్యాక వదిలేసి, పనికిరాకుండా పాడుచేసి పోయిన అమెరికన్ లిబరేటర్ బాంబర్లు అక్కడే పడుంటే, హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు వాటిని ఒక్కొక్కటిగా ఎగిరేలా చేసి బెంగళూరు తీసుకెళ్లి బాగుచేశారు. జంషెడ్ మున్షీ అనే పైలట్ వాటిని నడుపుకుంటూ వెళ్లాడు. 1948 నవంబరులో వాటితో అయిదో స్క్వాడ్రన్ మొదలైంది. అవి 1968 దాకా పనిచేశాయి.

1955లో కాన్పూర్‌లో మెయింటెనెన్స్ కమాండ్ ఏర్పడింది. సిపాయిగా చేరినవాడు ఎయిర్ వైస్ మార్షల్ హోదాలో ఆ కమాండ్‌కి అధిపతి అయ్యాడు. మరమ్మతు డిపోలోనే నలుగురు కూర్చునే చిన్న విమానం ఒకటి తయారుచేయించి 'కాన్పూర్-1' అని పేరుపెట్టాడు. అది ఎక్కువ సంఖ్యలో తయారు కాలేదు. నాకు దాని మీద పెద్దగా మోజు లేదు, మోడల్ చేయను. కానీ మరమ్మతు చేసేవాళ్లు విమానాన్ని మొదట్నించీ కట్టగలరని చూపడానికి ఆ ప్రయత్నం అవసరమని ఆయన అనుకుని ఉంటాడు. ఆ వెనకే ఆవ్రో వచ్చింది. మొదటి విమానానికి 'సుబ్రతో' అని పేరు పెట్టారు. అప్పటికి వైమానిక దళాధిపతిగా ఉన్న ముఖర్జీ 1960 నవంబరులో టోక్యోలో చనిపోయాడు, ఏడాది తిరగకముందే ఈ విమానం ఎగిరింది. డ్రిగ్ రోడ్‌లో ఒకే నాలుగు విమానాలను ఒకడు నడిపాడు, ఇంకొకడు విప్పి బిగించాడు.

సెప్టెంబరు

మోడల్ మనవరాలి కాలేజీ ల్యాబ్‌కి వెళుతోంది. వాళ్ల హెచ్.ఓ.డి. మేడమ్ చూసి అడిగారు. కింద పెట్టే పలక మీద విమానం పేరు, సంవత్సరం, ఇంజను రాసి, కింద ఒక వరసలో 'హవాయి సిపాయి హర్జిందర్ సింగ్, డ్రిగ్ రోడ్' అని పెట్టమన్నాను.

"ఎయిర్ వైస్ మార్షల్ అని రాయద్దా చిన్నతాతయ్యా?" అంది పిల్ల.

"ఈ విమానం దగ్గర ఆయన అప్పటికి సిపాయే. ఆవ్రో దగ్గర ఆ మాట రాద్దాం."

ఇంకా మిగిలిన పనులు: వెనక కాక్‌పిట్‌లో లూయిస్ మెషిన్‌గన్ గుండ్రటి వలయం మీద తిరగాలి, వలయం అయింది, గన్ పైన 97 తూటాల డ్రమ్ము చేయాలి. చొక్కా బొత్తాం సరైన సైజు దొరికితే సగం పని అయినట్టే. వానలకి కుడి పక్క ల్యాండింగ్ వైర్ ఒకటి వదులైంది, చలికాలం వచ్చాక బిగించాలి, ఇప్పుడు ముట్టుకుంటే మళ్లీ మారుతుంది. గుమ్మంలోంచి ఏటవాలుగా తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. లేత్ మేస్త్రీని పిలిచాను, ఆదివారం వస్తానన్నాడు.